హెంప్ గింజలు, విజయ చుక్కలు, గమ్మీలు: ఇంట్లో వాడేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

చియా, అవిసె, గుమ్మడి గింజల వరసలోకి ఇప్పుడు హెంప్ గింజలూ చేరాయి. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే కావలికైనా కనిగిరికైనా నాలుగు రోజుల్లో ఇంటికొస్తున్నాయి. గంజాయి మొక్క జాతి అని తెలియగానే కొందరు ప్యాకెట్టు ముట్టుకోవడానికే భయపడతారు. ఇంకొందరు ‘హెంప్’ అని రాసి ఉంటే చాలు, ఏదైనా తినొచ్చనుకుంటారు. ఎక్కువ ఇబ్బంది ఈ రెండోవాళ్ళకే. ఒకే పేరుతో మూడు వేర్వేరు వస్తువులు తిరుగుతున్నాయి కాబట్టి, చేతిలో ఉన్నది ఏదో తేల్చుకోకుండా చెంచా పట్టకూడదు.

ముందు తేల్చుకోవాల్సింది: గింజా, ఆకు సారమా, మత్తు సరుకా

మొదటిది గింజ. పొట్టుతో ఉన్న గింజలు, పొట్టు తీసిన తెల్లటి పప్పు (హెంప్ హార్ట్స్ అని అమ్ముతారు), గింజల నూనె, పిండి అన్నీ ఈ కోవలోవే. 2021 నవంబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వీటిని ఆహారంగా గుర్తించి హద్దులు పెట్టింది. మత్తునిచ్చే టీహెచ్‌సీ కిలో గింజల్లో 5 మిల్లీగ్రాములు, కిలో నూనెలో 10 మిల్లీగ్రాములు మించకూడదు. మత్తు ఇవ్వని సీబీడీ ఏ ఆహారంలోనూ కిలోకు 75 మిల్లీగ్రాములు దాటకూడదు.

రెండోది ఆకు నుంచి తీసిన సారం. ఆయుర్వేదంలో విజయ అంటారు. చుక్కల మందుగా, మాత్రలుగా, కొన్నిసార్లు మెత్తటి బిళ్ళలుగా వస్తుంది. ఇది ఆహారం కాదు, మందు. ఔషధ నిబంధనల్లో విజయ ఈ-1 షెడ్యూలులో ఉంది. అంటే వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక లేబులు మీద తప్పకుండా ఉండాలి.

మూడోది టీహెచ్‌సీ ఉన్న గమ్మీలు, చాక్లెట్లు, లడ్లు. మన దేశంలో ఇవి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ కిందికి వస్తాయి. వీటిని ‘తక్కువ మోతాదు’ అన్నంత మాత్రాన చట్టం ముందు తేడా ఉండదు.

ఒక చిన్న లెక్క చూస్తే ఈ మూడింటి మధ్య ఎంత దూరముందో తెలుస్తుంది. రోజుకు 30 గ్రాముల గింజలు తిన్నా, హద్దులో ఉన్న సరుకైతే ఒంట్లోకి వెళ్ళే టీహెచ్‌సీ 0.15 మిల్లీగ్రాములకు మించదు. మత్తు కోసం వాడే దేశాల్లో కొత్తవాళ్ళకు చెప్పే మొదటి మోతాదు 2.5 మిల్లీగ్రాములు. గింజల్లో ఉండేది అందులో పదహారో వంతు కూడా కాదు. కాబట్టి గింజలు తిన్నాక తల తిరిగినా, నిద్ర ముంచుకొచ్చినా ఆ ప్యాకెట్టులో ఉన్నది గింజలు మాత్రమే కాదనుకోవాలి. మిగిలినది పారేయకుండా పక్కన పెట్టండి, డాక్టరుకు చూపించాల్సి రావచ్చు.

కొనేటప్పుడు ఏం చూడాలి

ప్యాకెట్టు వెనక 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఆ నంబరు కొట్టి, కంపెనీ పేరూ ప్యాకెట్టు మీది పేరూ ఒకటేనో కాదో చూడండి. తర్వాత బొమ్మ చూడండి. ఆహారంగా అమ్మే హెంప్ ప్యాకెట్టు మీద గింజ బొమ్మ తప్ప ఆ మొక్క ఆకు బొమ్మ వేయకూడదని నిబంధన ఉంది. మత్తును గుర్తుచేసే మాటలూ ఉండకూడదు. ఐదు వేళ్ళ పచ్చటి ఆకు అచ్చేసి, ‘రిలాక్స్’ అని రాసి, ధర మూడింతలు పెట్టిన ప్యాకెట్టు కనిపిస్తే, ఆ కంపెనీ కనీస నిబంధన కూడా పాటించలేదన్నమాట. అలాంటివాళ్ళు లోపలి లెక్కలు పాటిస్తారని నమ్మలేం.

ఇంకో పరీక్ష ఉంది. నాలుగు గ్రాముల బిళ్ళలో ఆహార నిబంధన ప్రకారం ఉండగలిగే సీబీడీ 0.3 మిల్లీగ్రాములు. ‘ఒక్కో బిళ్ళలో 25 మి.గ్రా. సీబీడీ’ అని రాసి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు మాత్రమే వేసి అమ్ముతుంటే ఆ రెండూ పొసగవు. అది మందే అయితే ఆయుష్ తయారీ లైసెన్సు నంబరు ఉండాలి, అమ్మేవాడు డాక్టరు చీటీ అడగాలి.

విడి సరుకు కొనకండి. పాన్ డబ్బాల్లో, కిళ్ళీ కొట్లలో రంగు కాగితం చుట్టి ‘ఆయుర్వేదం’ పేరుతో ఇచ్చే చాక్లెట్లు అసలే వద్దు. గంజాయి కలిపిన చాక్లెట్లు పోలీసులకు పట్టుబడ్డ సందర్భాలు తెలుగు రాష్ట్రాల్లో చాలానే ఉన్నాయి. చట్టంలో గంజాయి నిర్వచనంలోనే ‘వేరే పదార్థంతో కలిపిన మిశ్రమం’ కూడా ఉంది. మిశ్రమం మొత్తం బరువునూ లెక్కలోకి తీసుకోవాలని 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చిటికెడు గంజాయి కలిసినా, లడ్డూల మొత్తం బరువు లెక్కకొస్తుంది.

మొదటిసారి 100 లేదా 150 గ్రాముల ప్యాకెట్టు చాలు. కిలో ప్యాకెట్టు చవకగా కనిపిస్తుంది గానీ మన ఎండలకు సగం పాడవుతుంది.

మన వేడిలో నిల్వ

పొట్టు తీసిన హెంప్ పప్పు బరువులో దాదాపు సగం నూనే. అందులోనూ ఎక్కువ భాగం ఒమేగా-6, ఒమేగా-3 కొవ్వులు. ఇవి వేడికి, వెలుతురుకి, గాలికి తొందరగా పాడవుతాయి. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాకా నెల్లూరు, ఒంగోలు వంటిళ్ళలో స్టవ్ పక్క అర అంటే నిప్పుల మీద పెట్టినట్టే. తీరం వైపు ఊళ్ళలో ఉక్కపోత, తేమ కూడా తోడవుతాయి.

పొట్టు తీసిన పప్పు ప్యాకెట్టు తెరిచిన రోజే గాజు సీసాలో పోసి, మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు నెలల్లో వాడేయండి. పొట్టుతో ఉన్న గింజలు ఇంకొంచెం ఎక్కువ నిలుస్తాయి. నూనె నల్ల సీసాలో, ఫ్రిజ్‌లోనే ఉండాలి. తెరిచాక ఆరు వారాలు దాటనివ్వకండి. సీసాలోంచి చెమ్మ చేత్తో, తడి చెంచాతో తీయొద్దు, బూజు పడుతుంది. తాజా పప్పుకి పచ్చి వేరుశనగపప్పు లాంటి కమ్మటి వాసన ఉంటుంది. పెయింటు వాసనో, చేప వాసనో వస్తే నూనె చెడింది. నాలుక మీద గరగరలాడే చేదు తగిలినా అంతే. వేయించితే పోతుందనుకోకండి, పారేయండి.

అసలు ప్యాకెట్టునీ బిల్లునీ ఉంచుకోండి. విడిగా కవర్లో కట్టిన గింజలు బస్సు తనిఖీలో బయటపడితే వివరించడానికి చాలా సేపు పడుతుంది. గింజలు ఎట్టి పరిస్థితిలోనూ పెరట్లో చల్లకండి. అనుమతి లేకుండా ఒక్క మొక్క పెంచినా సాగే. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 20వ సెక్షను కింద పదేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఉత్తరాఖండ్‌లో హెంప్ సాగుకు లైసెన్సులు ఇస్తున్నారన్న వార్త ఇక్కడి పొలానికి వర్తించదు.

మొదటి వారం

మొదటి రోజు పొట్టు తీసిన పప్పు అర టీచెంచా, అంతే. పెదాలు, నాలుక దురద పెట్టడం, దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం కనిపిస్తే ఇక మళ్ళీ ముట్టొద్దు. నువ్వులు, వేరుశనగ పడనివాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. హెంప్ గింజలకు తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్ళున్నారు. రెండు రోజులు అదే మోతాదు, తర్వాత మూడు రోజులు ఒక టీచెంచా, వారం చివరికి ఒక టేబుల్‌చెంచా. టేబుల్‌చెంచా అంటే సుమారు 10 గ్రాములు.

పెద్దవాళ్ళకు రోజుకు రెండు మూడు టేబుల్‌చెంచాలు చాలు. 30 గ్రాముల పప్పులో సుమారు 9.5 గ్రాముల ప్రోటీను, 14.5 గ్రాముల కొవ్వు, 165 క్యాలరీలు ఉంటాయి. ఆరోగ్యానికి మంచిదని అన్నం, నెయ్యి తగ్గించకుండా పైన ఇది వేసుకుంటే బరువు పెరుగుతారు. మొదటి రోజే గుప్పెడు తింటే విరేచనాలు పట్టుకుంటాయి. ఇంత కొవ్వు ఒక్కసారిగా పడితే కడుపు ఓర్చుకోదు.

వంటింట్లో

కుమావూ, గఢ్వాల్ కొండల్లో ఈ గింజలతో తరతరాలుగా చట్నీ చేస్తున్నారు. మన వైపు కారప్పొడి అలవాటుకి పొట్టు గింజలు చక్కగా ఒదుగుతాయి.

పొడికి పొట్టుతో ఉన్న గింజలు 100 గ్రాములు, ఎండుమిర్చి 12, ధనియాలు రెండు టేబుల్‌చెంచాలు, జీలకర్ర ఒక టీచెంచా, వెల్లుల్లి 8 రెబ్బలు, నిమ్మకాయంత కాదు, ఉసిరికాయంత చింతపండు, రెండు రెమ్మల కరివేపాకు, ఉప్పు ఒకటిన్నర టీచెంచా తీసుకోండి. గింజల్ని ముందు నేల మీద పరిచి చూసి రాళ్ళు, పుల్లలు ఏరేయండి. మందపాటి మూకుడులో సన్నటి సెగ మీద నాలుగైదు నిమిషాలు కలుపుతూనే వేయించాలి. గింజలు చిటపటమని ఒకటీ అరా ఎగరడం మొదలవగానే దించేయండి. ఇంకో నిమిషం ఉంచితే పొట్టు నల్లబడి పొడి మొత్తం చేదెక్కుతుంది. మిర్చి, ధనియాలు, జీలకర్ర, కరివేపాకు విడివిడిగా వేయించండి. చింతపండుని వేడి మూకుడులో ఒక్క తిప్పు తిప్పితే తడి ఆరుతుంది.

అన్నీ పూర్తిగా చల్లారాలి, ఇక్కడే చాలామంది తొందరపడతారు. వేడి గింజల్ని మిక్సీలో వేస్తే నూనె బయటికొచ్చి పొడి కాస్తా ముద్దవుతుంది. మిక్సీని ఒకేసారి తిప్పకుండా రెండు సెకన్లు తిప్పి ఆపి, తిప్పి ఆపి, చివర్లో వెల్లుల్లి వేయండి. పొట్టు గరుకుగా పంటికి తగిలితే ముతక జల్లెడ పట్టండి. ఇది వేడన్నంలో నెయ్యితో, రాగి సంగటితో, ఎర్రకారం దోసె మీద కారానికి బదులు చల్లుకోవడానికి కూడా బాగుంటుంది. బయట పది రోజులు, ఫ్రిజ్‌లో నెల.

పొట్టు తీసిన పప్పుని వేయించనక్కర్లేదు. ఇడ్లీ చట్నీలో వేరుశనగపప్పు సగం తగ్గించి, ఆ స్థానంలో మూడు టేబుల్‌చెంచాల ఈ పప్పు వేసి రుబ్బితే చట్నీ వెన్నలా వస్తుంది. అయితే నీళ్ళు తక్కువ పట్టాలి. రాగి జావలో పోసుకునే పాల కోసం 30 గ్రాముల పప్పు, 300 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళు మిక్సీలో ఒక నిమిషం తిప్పి పలచటి గుడ్డలో వడకట్టండి. జావ దించి గోరువెచ్చగా అయ్యాకే కలపాలి. మరిగే జావలో పోస్తే విరిగి పైకి తేలుతుంది. ఆ పాలు ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి పెట్టొద్దు.

లడ్డూలకు పప్పు 100 గ్రాములు, వేయించిన నువ్వులు 100, బెల్లం 120. ఇవి 16 ఉండలవుతాయి. ఒక్కో ఉండ 20 గ్రాములు, అందులో పప్పు ఆరు గ్రాముల పైచిలుకు. ఇలా ఉండకు ఎంతో తెలిస్తే పిల్లలకి, పెద్దవాళ్ళకి లెక్కగా పెట్టొచ్చు. చుట్టాలు వచ్చినప్పుడు పెట్టే ముందు ఏం వేశారో చెప్పండి. అలర్జీ ఉన్నవాళ్ళకి ఆ మాట అవసరం.

నూనె తాలింపుకి పనికిరాదు. సుమారు 165 డిగ్రీల దగ్గరే పొగ వస్తుంది, ఆవాలు చిటపటలాడేలోపే మాడు వాసన. పళ్ళెంలో పప్పన్నం కలిపాక ఒక టీచెంచా పైన వేసుకోవడమే దాని వాడకం.

ఎవరు ఆగాలి

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు. పశ్చిమ ప్రకాశంలో, కనిగిరి చుట్టుపక్కల, ఈ బాధ ఎన్ని ఇళ్ళలో ఉందో అందరికీ తెలుసు. 100 గ్రాముల హెంప్ పప్పులో ఫాస్ఫరసు 1650 మిల్లీగ్రాములు, పొటాషియం 1200 దాకా ఉంటాయి. డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు రోజు మొత్తానికి ఫాస్ఫరసు 800 నుంచి 1000 మిల్లీగ్రాముల లోపు ఉంచమంటారు. మూడు టేబుల్‌చెంచాల పప్పుతోనే అందులో సగం అయిపోతుంది. ‘ప్రోటీను మంచిది’ అని ఇంట్లోవాళ్ళు ప్రేమతో పెట్టే లడ్డూ ఇక్కడ హాని చేస్తుంది. నెఫ్రాలజిస్టుని అడగకుండా ఒక్క చెంచా కూడా వద్దు.

రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవాళ్ళు డాక్టరుతో మాట్లాడాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రెండేళ్ళలోపు పిల్లలు వీటికి దూరంగా ఉండటమే నయం.

విజయ చుక్కలు వాడమంటే

ఇంటర్నెట్‌లో చూసి ఎంచుకోకుండా, ముఖాముఖి చూసిన వైద్యుడి చీటీతోనే మొదలుపెట్టండి. మీరు వాడుతున్న ప్రతి మాత్ర పేరూ చెప్పండి. సీబీడీ కాలేయంలో ఇతర మందులు విరిగే దారిని అడ్డుకుంటుంది. మూర్ఛకు వాడే క్లోబజామ్ ప్రభావం పెరిగి మగతగా పడిపోతారు. వాల్ప్రోయేట్‌తో కలిస్తే కాలేయం దెబ్బతినొచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వాడేవాళ్ళకు ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతుందో చూపే అంకె) పెరిగి రక్తస్రావం కావచ్చు. గుండె కవాటం మార్పించుకున్నవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. మానసిక జబ్బు, ముఖ్యంగా లేని మాటలు వినపడే జబ్బు, తమకో రక్తసంబంధీకులకో ఉన్నవాళ్ళు టీహెచ్‌సీ ఉన్నది వాడకూడదు.

సీసా మీద రెండు అంకెలు వెతకండి: సీబీడీ ఎంత, టీహెచ్‌సీ ఎంత. 30 మిల్లీలీటర్ల సీసాలో మొత్తం 1000 మిల్లీగ్రాములంటే ఒక మిల్లీలీటరులో 33. మరి చుక్కలో ఎంత? డ్రాపరుని బట్టి మిల్లీలీటరుకి 20 చుక్కలు రావచ్చు, 30 రావచ్చు. మందుల షాపులో సూది లేని ఒక మిల్లీలీటరు సిరంజి కొని, చుక్కలు లెక్కపెడుతూ నింపండి. 20 చుక్కలకు నిండితే చుక్కకు 1.65 మిల్లీగ్రాములు, 30కి నిండితే 1.1. ‘ఐదు చుక్కలు’ అన్నమాట ఒక్కో సీసాతో ఒక్కోలా మారిపోతుంది కాబట్టి మోతాదుని చీటీ మీద మిల్లీగ్రాముల్లో రాయమనండి.

రోజూ ఒకే తీరుగా తీసుకోండి. కొవ్వు బాగా ఉన్న భోజనంతో తీసుకుంటే ఖాళీ కడుపుతో పోలిస్తే సీబీడీ దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ పడుతుంది. సోమవారం పరగడుపున, ఆదివారం బిర్యానీ తిన్నాక అంటే అవి రెండు వేర్వేరు మోతాదులే.

నోటి ద్వారా తీసుకున్నది పనిచేయడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ‘ఏమీ తెలియట్లేదు’ అని గంటకే రెండోసారి వేసుకోవడమే అతి సాధారణమైన పొరపాటు. మొదటిదీ రెండోదీ ఒకేసారి ఎక్కుతాయి. చీటీలో లేని అదనపు మోతాదు ఆ రోజుకి వేసుకోనే వద్దు. టీహెచ్‌సీ ఉన్నదైతే ఆరేడు గంటల ప్రభావం, మరునాటి దాకా మందకొడితనం ఉండొచ్చు. 24 గంటలు బండి, ట్రాక్టరు, మోటారు దగ్గరికి పోవద్దు. మత్తులో ఏ రోడ్డు మీద బండి నడిపినా మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను కింద మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. మద్యంతో, నిద్రమాత్రలతో కలపనే కూడదు.

అమెరికా నుంచి వచ్చే గమ్మీలు

మన జిల్లాల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు ఎక్కువ. ‘అమ్మకి నిద్ర పట్టడం లేదు కదా, అక్కడ ఇది మామూలే’ అంటూ సూట్‌కేసులో గమ్మీల డబ్బా పెట్టేస్తారు. అక్కడ 2018 చట్టం పొడి బరువులో 0.3 శాతం లోపు డెల్టా-9 టీహెచ్‌సీ ఉన్నదాన్ని హెంప్ అంది. వినడానికి తక్కువే. నాలుగు గ్రాముల బిళ్ళలో 0.3 శాతం అంటే 12 మిల్లీగ్రాములు, కొత్తవాళ్ళ మోతాదుకి దాదాపు ఐదింతలు. అలవాటు లేని 65 ఏళ్ళ మనిషి మంచం మీంచి లేచి పడిపోవడానికి అది చాలు. ‘హెంప్’, ‘0.3 శాతం లోపు’ అన్న మాటల్ని చూసి నెమ్మదించొద్దు.

వాటిని ఇండియాకు తేవొద్దు, కొరియర్‌లో పంపొద్దు. అక్కడ చట్టబద్ధమన్న వాదన ఇక్కడి కస్టమ్స్ దగ్గర చెల్లదు. గల్ఫ్ దేశాలకు వెళ్ళే సామానులోనైతే మామూలు హెంప్ గింజలు, పొడి, నూనె కూడా పెట్టకండి. అక్కడ చట్టాలు మరీ కఠినం.

అమెరికాలోనే ఉండి, ఆ రాష్ట్రంలో అనుమతి ఉండి తీసుకునే పెద్దవాళ్ళు బిళ్ళని కత్తితో కోసి, టీహెచ్‌సీ 2.5 మిల్లీగ్రాములకు మించని ముక్కతో మొదలుపెట్టాలి. ఆ రోజు అంతటితో ఆపాలి, పక్కన తెలిసిన మనిషి ఉండాలి. వీసా మీద ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. రాష్ట్రం ఒప్పుకున్నా అమెరికా కేంద్ర చట్టం గంజాయిని ఒప్పుకోదు, వలస వ్యవహారాలన్నీ కేంద్రం చేతిలోవే.

తేడా కొడితే

ఏ రూపంలోనిదైనా విజయ మందుని, గమ్మీని పిల్లలకు అందని తాళం అరలో పెట్టండి. పిల్లల కంటికి అది మిఠాయే. పసివాడు తిన్నాడని అనుమానం వచ్చినా చాలు, లక్షణాల కోసం ఎదురుచూడకండి. తూలడం, ఎంత లేపినా లేవకపోవడం, ఊపిరి నెమ్మదించడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతాయి. 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించొద్దు, మజ్జిగ, నిమ్మరసం తాగించొద్దు, మగతలో ఉన్నవాడికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, మిగిలిన డబ్బా చేత పట్టుకుని వెళ్ళండి.

పెద్దవాళ్ళకు ఎక్కువైతే గుండె దడ, విపరీతమైన భయం, నోరెండడం, వాంతులు వస్తాయి. వెలుతురు తగ్గించి, కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా నీళ్ళు ఇస్తూ పక్కనే ఉంటే చాలామందికి కొన్ని గంటల్లో తగ్గుతుంది. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఫిట్సు, లేనివి కనిపించడం ఉంటే ఇంట్లో ఆగకూడదు. ఆసుపత్రిలో ఏం తిన్నారో, ఎంత, ఎన్ని గంటలకు తిన్నారో దాచకుండా చెప్పండి. పోలీసు భయంతో ‘ఏదో తిన్నాడు’ అని చెబితే డాక్టరు తలకు స్కాను, నడుములో సూది అంటూ వేరే జబ్బులు వెతుకుతూ గంటలు పోగొట్టాల్సి వస్తుంది.

మానలేకపోతున్నవాళ్ళకి 14446 జాతీయ సహాయ నంబరు, మనసు బాగోలేనప్పుడు టెలిమానస్ 14416 ఉన్నాయి. రెండూ ఉచితమే. ఊళ్ళో పిల్లలకు చాక్లెట్ల పేరుతో ఎవరైనా అమ్ముతున్నారని తెలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో మాదకద్రవ్యాల్ని అరికట్టే ఈగల్ విభాగం నంబరు 1972.